రాతి మీది పేరు

పెత్రమాస నాడు మా కరీంనగర్ వైపు పెద్దలకు బియ్యం ఇచ్చుకుంటారు. బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుని మరీ ఇవ్వాలి. సరే, ఇంట్లో పోయినవాళ్ల మాట వేరు. ఎక్కడో సముద్రాల అవతల మట్టిలో కలిసిపోయిన కొడుకు మాటేమిటి? ఆ చోటు ఒక్కసారి చూడాలని తల్లి ప్రాణం కొట్టుకోదూ?

అలా కొట్టుకున్న ప్రాణాలే చట్టం తెప్పించుకున్నాయి అమెరికాలో. మొదటి ప్రపంచయుద్ధంలో కొడుకు పోయిన ఇంటి కిటికీలో బంగారు నక్షత్రం గుర్తు ఉండేది. ఆ తల్లులు ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా 1929లో చట్టమైంది. 1930 నుంచి 1933 దాకా సుమారు 6,700 మంది తల్లులనూ, మళ్లీ పెళ్లి చేసుకోని భార్యలనూ ప్రభుత్వమే ఖర్చు పెట్టుకుని యూరప్‌లోని సమాధుల దగ్గరికి తీసుకెళ్లింది. ఇందులోనూ ఓ వంకర ఉంది చూడండి! నల్లజాతి తల్లులను వేరే ఓడల్లో పంపారు. కొడుకులు పోయింది ఒకే యుద్ధంలో; తల్లుల కన్నీళ్లకు మాత్రం రంగు చూశారు.

బ్రిటన్‌లో అంతకు ముందే, 1919లో, సెయింట్ బర్నబాస్ అనే సంఘం పుట్టింది. చార్జీలు పెట్టుకోలేని బీదవాళ్లను చందాల డబ్బుతో సమాధుల దగ్గరికి తీసుకెళ్లేది.

మరి మనవాళ్లో? మన జిల్లాలు నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో, 1918లో పాలస్తీనాలోని హైఫా దాకా వెళ్లిన గుర్రపు దళంలో హైదరాబాద్ లాన్సర్లున్నారు. ఢిల్లీ తీన్‌మూర్తిలోని మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్ల గుర్తే. రెండో యుద్ధంలో పోయి, సమాధి కూడా దక్కని 24,000 మందికి పైగా పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ గోడల మీద చెక్కి ఉన్నాయి. దహనం చేసిన సిపాయిలకు అక్కడే వేరే స్మారకం ఉంది. అక్కడికి వెళ్లగలిగిన మనవడు తాత పేరు వేలితో తడుముకోగలడు.

ఆ భాగ్యమూ లేనివాళ్లున్నారు. 1942, 43లలో జపాన్ సైన్యం సయాం-బర్మా రైలుదారి వేయించింది. మలయా రబ్బరు తోటల్లోని తమిళులనూ, మన తెలుగువాళ్లనూ ఆ పనికి తోలుకుపోయారు. కలరా, మలేరియా, ఆకలి కలిసి వేలకు వేలమంది కూలీలను మింగేశాయి. బందీలైన తెల్ల సిపాయిలకు కాంచనబురిలో వరసగా సమాధి రాళ్లున్నాయి. కూలీలకు ఏ గోడ మీదా పేరు లేదు. మొదటి యుద్ధం నాటి మాట మటుకు, ఆసియా, ఆఫ్రికాల వారిలో కనీసం 1,16,000 మందిని పేరు పెట్టి స్మరించలేదని యుద్ధ సమాధుల కమిషనే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. నూరేళ్లు పట్టింది, ఆ ఒక్క మాటకు!

ఇప్పుడు యుద్ధం లేకుండానే ఈ దుఃఖం మన గడప తొక్కింది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లలో కొందరు శంషాబాద్‌లో పెట్టెలో దిగుతారు. కాగితాలు తేలక, అక్కడే పూడ్చడానికి ఒప్పుకున్న ఇళ్లూ ఉన్నాయి. అలాంటి ఒకావిడ నాతో అంది, "గా జాగ ఒక్కపారి చూపెట్టున్రి అమ్మా, ఇంకేం వద్దు" అని.

టికెట్టు మాట తర్వాత. ఏ ఊరు, ఏ శ్మశానం, ఎన్నో నంబరు అన్నది కాగితం మీద రాసి, ఒక ఫొటో తీసి ఆమె చేతిలో పెట్టడం ప్రభుత్వాలకు కష్టమా? చూసి రావాలన్న ఆశకైనా ముందు ఒక అడ్రసుండాలి కదండీ!