పిడింగ్టన్ రిజిస్టరులో ఒక గుర్తు

ఇంగ్లండు దేశమందు నార్తాంప్టన్‌షైరులో పిడింగ్టన్ అను చిన్న గ్రామము గలదు. 1753 నాటి వివాహ చట్టము వలన ఇంగ్లండు గుడులలో వధూవరులును ఇద్దరు సాక్షులును రిజిస్టరులో సంతకము చేయవలసి వచ్చెను. అక్షరములు రానివారు, మన పాత రిజిస్టర్లలోని వేలిముద్రలవలె, గుర్తు పెట్టుచుండిరి. 1781 జూన్ 10న అచ్చటి దేవాలయములో, చెప్పులు కుట్టు పందొమ్మిదేండ్ల విలియం కేరీ డొరొతీ ప్లాకెట్‌ను వివాహమాడెను. ఆయన సంతకము చేసెను; ఆమె శిలువ గుర్తు పెట్టెను. ఆ కేరీయే 1814లో తెలుగు వ్యాకరణము ప్రచురించెను. డొరొతీయో, ఇండియాకు రానని మొదట పట్టుబట్టి, తుదకు 1793లో చంటిబిడ్డతో ఓడయెక్కెను. మరుసటి యేట కుమారుడు పీటరు మరణించెను. పిమ్మట ఆమెకు మతి చలించెను. కేరీని గూర్చి గంటలకొలది ప్రసంగించు మనము ఈమె పేరెత్తుట అరుదు. 1807లో ఆమె శ్రీరాంపూరులో కన్నుమూసెను. తెలుగు క్రొత్త నిబంధన అచ్చట 1818లో అచ్చయినది.