చిత్రకారుని గద్య

మా పాలమూరు సంస్థానాల గూర్చి వ్రాయబూనిన వారెవరైనా కవులతోనే మొదలుపెడతారు. తెలుగు పండితుణ్ణి గనుక నేనూ ఇన్నాళ్లూ అదే చేశాను. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. కార్తీక, మాఘ మాసాలలో అక్కడ పండిత సభలు జరిగేవి. తిరుపతి వేంకట కవులు గద్వాలకూ వచ్చారు, వనపర్తికీ ఆత్మకూరుకూ వచ్చారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒకరు వ్రాస్తే, ఇటికాలపాడు సొంతూరుగా గల సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి నోరు మూయించారు.

మరి చిత్రకారులో?

ఈ సంస్థానాలలో బొమ్మలు వ్రాసినవారు లేకపోలేదు. దక్కనీ చిత్రకళ చరిత్రలో గద్వాల, వనపర్తి పేర్లు ప్రత్యేకంగా చెబుతారు. ఉత్తరాది నుండి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన జగదీశ్ మిత్తల్ గారు ఆంధ్రదేశపు రామాయణ చిత్రాలపై 1969లోనే పుస్తకం వ్రాశారు. అయితే మన ప్రాంతపు పాత చిత్రాల కింద సాధారణంగా ఉండేది ఊరి పేరే: "గద్వాల", "వనపర్తి". వ్రాసిన చేతికి పేరుండదు. కవి అలా ఊరుకుంటాడా? ఆశ్వాసం ముగియగానే గద్య పెట్టి తండ్రి పేరూ తన పేరూ చెప్పుకుంటాడు. రాజులకు తలవంచని పోతన గారు కూడా కేసన కుమారుడనని చెప్పుకున్నారు. చిత్రకారునికి ఆ గద్య లేదు.

అందుకే, మా సీమవారు కాకపోయినా, కొండపల్లి శేషగిరిరావు గారి జీవితం నాకు ముఖ్యమనిపిస్తుంది. 1924 జనవరి 27న ఓరుగల్లు వైపు పెనుగొండ గ్రామంలో పుట్టారు. ఆదుకున్నది సంస్థానాధీశుడు కాదు, మెహదీ నవాజ్ జంగ్. ఆయన చొరవతోనే హైదరాబాదులో చిత్రకళాభ్యాసం, తరువాత శాంతినికేతనంలో నందలాల్ బోస్ శిష్యరికం. తిరిగి వచ్చి హైదరాబాదు లలితకళా కళాశాలలో దీర్ఘకాలం బోధించారు. బడిపంతులు కళ్లతో చూస్తే ఇదొక గొప్ప మార్పు. సంస్థానాలు పోయినా జీతమిచ్చే కళాశాల ఉంది, హాజరు పట్టీలో పేరుంది.

ఆ పేరుతో ఆయన ఏం గీశారు? పోతనను గీశారు, శకుంతలను గీశారు. కాకతీయ శిల్పాన్ని కుంచెతో చదివారు. హైదరాబాదు చుట్టూ ఉన్న బండరాళ్లను సైతం వదలలేదు (నాకు మిక్కిలి ఇష్టమైనవి అవే). 1975 ప్రపంచ తెలుగు మహాసభల నాటి తెలుగుతల్లి చిత్రం ఆయనదే. ఆ బొమ్మ తెలిసినవారు లక్షల మంది, గీసినవారి పేరు చెప్పగలవారు ఎందరు? 2012 జూలై 26న ఆయన కన్నుమూశారు.

నాకీ నింద వేసే అర్హత ఉందా అంటే, లేదు. ముప్పయ్యేళ్ల క్రితం నా తరగతిలో ఒక నేతకారుల పిల్లవాడు గజేంద్రమోక్షం పాఠం పక్కన, పుస్తకం అంచులోనే మొసలిని గీశాడు. ఏనుగు కాలు పట్టిన పట్టు చూస్తే ఒళ్లు జలదరించేది. నేను రబ్బరు తెప్పించి వాడిచేతనే చెరిపించి, పద్యం పదిసార్లు వ్రాయించాను. వాడు మారు మాట్లాడలేదు. వాని పద్యం నేను దిద్దాను. వాని బొమ్మ మాత్రం ఎవరూ చూడలేదు.

మొన్న కొల్లాపురం వైపు ఒక పల్లె గుడి గోడపై గజేంద్రమోక్షం కనబడింది. గుండె ఝల్లుమని దగ్గరకు పోయి కింద చదివాను. మా వాడు కాడు, వేరెవరో. పెయింటరు పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను నెంబరు వరుసగా ఉన్నాయి. నెంబరులో చివరి రెండంకెలు మాత్రం సున్నం కింద పోయాయి.