కోర్ల పంపకం, లైసెన్సు లెక్క

ఒకే కంప్యూటర్‌ను విడివిడి యంత్రాలుగా నడిపే ప్రయత్నం 1960ల నడుమ, అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఐబీఎం కేంద్రంలో సీపీ-40తో మొదలైంది. 1988లో 3090 మెయిన్‌ఫ్రేములకు పీఆర్/ఎస్ఎం రావడంతో ఆ విభజన యంత్రంలోనే భాగమైంది. ఎల్పార్ (లాజికల్ పార్టిషన్) అనే ఒక్కో భాగంలో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ నడిచేది. సాఫ్ట్‌వేర్ అద్దె మాత్రం యంత్రం మొత్తం సామర్థ్యాన్ని బట్టే ఉండేది. 2000లో జెడ్900 మెయిన్‌ఫ్రేమ్‌తో పాటు కొత్త పద్ధతి వచ్చింది: ఒక్కో ప్రోగ్రామ్‌కు అది నడిచే ఎల్పార్ల వాడకాన్ని నాలుగు గంటల సగటుగా కొలిచి, నెలలో అన్నిటికన్నా ఎక్కువ తేలిన సగటుకు బిల్లు వేయడం.

ఈ లెక్కలో చిక్కు ముదిరింది 2004లో, ఐబీఎం పవర్5 సర్వర్లతో. వాటిలో ఒక పార్టిషన్‌కు ప్రాసెసర్ కోర్‌లో పదో వంతు ఇస్తే చాలు. ఆపైన నూరో వంతు చొప్పున పెంచుకోవచ్చు. పార్టిషన్లను నడిపే హైపర్‌వైజర్ కాలాన్ని 10 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తుంది. 0.5 వాటా ఉన్న పార్టిషన్‌కు ప్రతి ముక్కలోనూ 5 మిల్లీసెకన్లు ఖాయం. దాన్ని అన్‌క్యాప్డ్‌గా, అంటే వాటా దాటనిచ్చేలా పెడితే, పక్క పార్టిషన్లు వాడుకోని సమయం కూడా దక్కుతుంది.

ఇంత సన్నటి కొలతను లైసెన్సు ఒప్పుకోలేదు. ఖాయమైన వాటాను వదిలేసి, పార్టిషన్ ఎంతవరకు ఎదగగలదో దాన్నే లెక్కపెట్టింది. 16 కోర్ల సర్వర్‌లో డేటాబేస్ నడిపే నాలుగు అన్‌క్యాప్డ్ పార్టిషన్లు ఉన్నాయనుకుందాం. ఒక్కోదాని వాటా 0.5, వర్చువల్ ప్రాసెసర్లు నాలుగేసి; అంటే ఒక్కోటి నాలుగు కోర్ల దాకా ఎదగగలదు. వాటికి ఖాయంగా దక్కేది మొత్తం రెండు కోర్లే. ఐబీఎం సొంత నిబంధనల ప్రకారం లైసెన్సు కట్టాల్సింది 16 కోర్లకు.

పవర్6 తరంలో దీనికి దారి దొరికింది. పార్టిషన్లు కలిసి వాడుకునే షేర్డ్ ప్రాసెసర్ పూల్స్ అనేకం పెట్టుకోవచ్చు, ఒక్కోదానికి గరిష్ఠ పరిమితి విధించవచ్చు. పై నాలుగింటినీ మూడు కోర్ల పూల్‌లో పెడితే లైసెన్సు మూడింటికే. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. అప్పటిదాకా యంత్రాన్ని చూసి ధర కట్టారు; ఇప్పుడు ధరను చూసి యంత్రంలో హద్దులు గీశారు.

ఒరాకిల్ విధానం ఇంకా కఠినం. కోర్‌లో కొంత వాటాతో నడిచే ఇలాంటి మైక్రో పార్టిషన్లలో క్యాప్డ్ వాటినే, అంటే వాటా దాటలేని వాటినే, అది గుర్తించింది. వీఎంవేర్‌తో చేసిన విభజనను లైసెన్సు తగ్గింపుకు చెల్లనిదిగా పక్కన పెట్టింది. క్యాప్డ్‌గా మార్చుకున్నవారికి ఖర్చు తగ్గింది. కానీ నెలాఖరు బ్యాచ్ జాబులు సాగిసాగి నడుస్తున్నా, అదే పెట్టెలో ఊరికే ఉన్న కోర్లను ఆ పార్టిషన్ ముట్టుకునే వీల్లేకపోయింది.