తక్కువ ఖర్చుతో అడవిని చూసేదెట్లా? మన చుట్టుపక్కల చరిత్ర చెప్పే దారి

ఈసారి రాత కొంచెం పొడుగు. తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఈ ఏడాది సంఘం తరపున "సఫారీ" యాత్ర పోవాలని ఒక మాట వచ్చింది. మంచి మాటే. కర్ణాటక అడవుల్లో రిసార్టులు, జీపు సఫారీలు చూసిన పిల్లలు ధరలు తెచ్చి చూపించారు. దాంతో సంఘంలో రెండు మాటలయ్యాయి. కట్టగలిగినవాళ్ళు కట్టి పోయొస్తాం అని కొందరు, అట్లయితే అది సంఘం యాత్ర ఎట్లవుతుంది అని కొందరు. మనలో సగం మంది మగ్గం మీద బతికేవాళ్ళు, మిగతావాళ్ళలో నా మాదిరి పింఛనుదారులు చాలామంది. అందుకని ధరల కన్నా ముందు చరిత్ర చూద్దాం. ఎవరు అడవి చూసేవాళ్ళు, ఎవరి డబ్బుతో చూసేవాళ్ళు, ఆ జంతువులు ఇన్నాళ్ళు ఎవరి దయవల్ల మిగిలాయి అన్నది తెలిస్తే ఎక్కడికి పోవాలో దానంతట అదే తేలుతుంది.

సఫారీ అన్నది తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాష మాట. అరబీలో ప్రయాణానికి సఫర్ అంటారు కదా, దాన్నుంచే వచ్చింది. ప్రయాణం అనే దాని అర్థం. తెల్లదొరలు ఆఫ్రికాకు వేటకు పోయేటప్పుడు ఈ మాటను పట్టుకుని వేటయాత్రకు పేరు చేశారు. అమెరికా అధ్యక్షుడుగా దిగిపోయిన థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో కొడుకును వెంటబెట్టుకుని అట్లాంటి యాత్రకు పోయి, మ్యూజియంల కోసమని వేల జీవాలను చంపి తెచ్చాడు. వందలమంది కూలీలు మూటలు మోస్తే ఒకరిద్దరు దొరలు తుపాకీ పట్టుకుని నడిచారు. సఫారీ అంటే మొదట్నుంచీ డబ్బున్నవాడి పనే.

మన దేశంలోనూ అంతే. వేట రాజులకూ జమీందార్లకూ దొరలకూ సరదా. మన తిరుత్తణి, పళ్ళిపట్టు ఊళ్ళు ఒకప్పుడు కార్వేటినగరం జమీనులోవి. కొండా అడవీ జమీనువే, ఎవరు ఏం వేటాడాలన్నది వాళ్ళ ఇష్టమే. ఆ తర్వాతి కాలంలో బెంగుళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ మన వైపు అడవుల గురించి కూడా రాశాడు. ఆయన రాసిన మనుషుల్ని తినే పులి కథల్లో ఒకటి మామండూరుది. రేణిగుంట దాటి కడప వైపు పోయే బండి ఎక్కినవాళ్ళకు ఆ స్టేషను తెలుసు. ఆ రోజుల్లో అక్కడి పల్లెవాడికి పులి చూడదగ్గ వింత కాదు, ప్రాణభయం. చివరికి 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1973 ఏప్రిల్ 1న పులుల పథకం మొదలైంది. తుపాకీ పోయి కెమెరా వచ్చింది. కానీ ఖర్చు మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు రెండో చరిత్ర. బీదవాడు జంతువులను చూసిన చరిత్ర.

మద్రాసులో 1855లో ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే డాక్టరు ఎగ్మూరు మ్యూజియంలో కొన్ని జంతువులను పెట్టించాడు. చూడ్డానికి జనం విరగబడ్డారు. తర్వాత ఆ జంతువులను సెంట్రల్ స్టేషను పక్కన పీపుల్స్ పార్కుకు మార్చారు. మన పెద్దవాళ్ళు దాన్ని తమిళంలో "ఉయిర్ కాలేజు" అనేవాళ్ళు, అంటే ప్రాణమున్న కాలేజీ. మ్యూజియాన్ని "సెత్త కాలేజు" అనేవాళ్ళు, అంటే చచ్చినవి ఉండే కాలేజీ. బడికి పోనివాడు కూడా కాలేజీ చూసొచ్చానని చెప్పుకోవడానికి ఆ రెండూ ఉండేవి. మన ఊళ్ళనుంచి పట్నం పోయినవాళ్ళు రైలు దిగి, అట్లే పక్కకు నడిచి పులిని చూసి, మూర్ మార్కెట్టులో బేరమాడి, మళ్ళీ రైలెక్కేవాళ్ళు. సత్రం ఖర్చు లేదు, జట్కా ఖర్చు లేదు. 1985లో ఆ జంతువుల కాలేజీ పూర్తిగా వండలూరుకు మారింది. అదే ఏడాది మే నెలలో మూర్ మార్కెట్టు కాలిపోయింది. ఇప్పుడు ఆ చోటే మనం తిరుత్తణి లోకల్ బండి దిగే మూర్ మార్కెట్ కాంప్లెక్సు.

మూడో చరిత్ర నాకు అన్నిటికన్నా ఇష్టం. అది రైతులది.

మధురాంతకం దగ్గర వేడంతాంగల్ అని ఒక చెరువు ఉంది. చలికాలానికి వేల పక్షులు అక్కడికొచ్చి గూళ్ళు కడతాయి. పక్షుల రెట్ట పడిన నీళ్ళు పొలానికి ఎరువు మాదిరి పనిచేస్తాయని అక్కడి రైతులు ఏనాడో కనిపెట్టారు. దొరలు వచ్చి పక్షులను కాలుస్తుంటే వాళ్ళు ఊరుకోలేదు. చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేసు దగ్గరికి పోయి, 1798లో పక్షులను కాపాడుకునే హక్కుకు కౌలు పత్రం రాయించుకున్నారు. చట్టం రావడానికి 174 ఏళ్ళ ముందు మాట ఇది. పక్షులను కాపాడింది రాజూ కాదు, దొరా కాదు, చెరువు కింద మళ్ళున్న మామూలు రైతు.

తెలుగు సీమలోనూ ఇట్లాంటి ఊళ్ళున్నాయి. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. అక్కడికి గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి గుడ్లు పెడతాయి. ఊరివాళ్ళు వాటిని కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డల మాదిరి చూస్తారు. పుట్టింటికి వచ్చిన బిడ్డ మీద ఎవరన్నా రాయి విసురుతారా?

మనకు దగ్గరగా అట్లాంటి చోటు నేలపట్టు. దొరవారిసత్రం స్టేషనుకు దగ్గర్లోనే ఉంది. 1976లో దాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి. తమిళంలో వాటిని కూళైక్కడా అంటారు, మూతి కింద సంచి ఉండే పెద్ద పక్షి. అక్కడ గూడు పెట్టి, తిండికి పులికాట్ సరస్సుకు పోయి చేపలు పట్టి పిల్లలకు తెచ్చిపెడతాయి. పులికాట్‌లో ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది, దక్షిణం కొన మన తిరువళ్ళూరు జిల్లాలోని పళవేర్కాడు. 1613లో డచ్చివాళ్ళు అక్కడే కోట కట్టి బట్టల వ్యాపారం చేశారు. సరస్సుకూ సముద్రానికీ మధ్యన శ్రీహరికోట. ఆ దీవి మొదట యానాదులది, 1971 నుంచి రాకెట్లది. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. చలికాలంలో ఆ రోడ్డుకు రెండు పక్కలా ఫ్లెమింగోలు బారులు తీరి నిలబడి ఉంటాయి. తమిళంలో పూనారై అంటారు. తినే తిండిలోని రంగువల్లే వాటికి ఆ గులాబి రంగు. ఆర్డినరీ బస్సు కిటికీలోంచి చూడొచ్చు. దీనికి ఏ జీపూ అక్కర్లేదు.

ఇక్కడ మన సొంత చరిత్ర కూడా కలుస్తుంది. 1960 ఏప్రిల్ 1న, పటాస్కర్ తీర్పు ప్రకారం, తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలు చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రానికి మారాయి. బదులుగా చెంగల్పట్టు, సేలం జిల్లాల ఊళ్ళు కొన్ని ఆంధ్రకు పోయాయి. మా తరం ఆ ఏడాదికి అటూ ఇటూ పుట్టినవాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నేను చదివిందంతా తమిళంలోనే. తెలుగు అక్షరాలు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నవి. గీత గీసింది మనుషులకే. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు అడవులనుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు కొండలకు వచ్చి ఉండిపోయాయి. ఆ వైపు ఏనుగన్నది సుమారు 200 ఏళ్ళుగా లేదు. వాటికోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటయింది. అవి ఏ రాష్ట్రం అని అడగలేదు, నీళ్ళెక్కడ మేతెక్కడ అని మాత్రం చూసుకున్నాయి. పొలాలు పోగొట్టుకున్న రైతుల కష్టం కూడా ఆ చరిత్రలో భాగమే, దాన్ని మరవకూడదు.

ఇంకొకటి. కడప జిల్లాలో కలివికోడి అనే పక్షి ఉంది. ఇక లేదు, అంతరించింది అనుకున్నారు. 1986లో మళ్ళీ కనబడింది. దాన్ని పట్టింది ఐతన్న అనే పల్లెటూరి వేటగాడు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు వెతుకుతున్న పక్షిని ఊరివాళ్ళు వాళ్ళ మాటలో కలివికోడి అని పిలుస్తూనే ఉన్నారు. తర్వాత మద్రాసుకు తాగునీళ్ళు తెచ్చే తెలుగుగంగ కాలువ ఆ పక్షి ఉండేచోటికి అడ్డం వస్తే, కాలువ దారినే మార్చారు. ఊత్తుకోట దాటి మన పూండి చెరువుకు వచ్చే కృష్ణా నీళ్ళు ఒక చిన్న పక్షికి పక్కకు తప్పుకుని వస్తున్నాయని తెలిస్తే నీళ్ళు తాగేటప్పుడు ఒక క్షణం ఆలోచిస్తాం.

సరే, ఇక లెక్కకు వస్తాను. గుమాస్తా బుద్ధి పోదు కదా.

మొదటి దారి, ఒక్క రోజు: తెల్లవారుజామున తిరుత్తణిలో లోకల్ ఎక్కి మూర్ మార్కెట్టులో దిగడం. అక్కడే సూళ్ళూరుపేట బండి. ఇటు సుమారు 80, అటు సుమారు 80 కిలోమీటర్లు, రెండూ లోకల్ బండ్లే. రిజర్వేషను లేదు, అందరికీ ఒకటే టిక్కెట్టు. వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయినా, లోకల్ బండి ధరలో ఆ లోటు పెద్దగా తెలియదు. గుమ్మిడిపూండి దాటి పోయే బండ్లు తక్కువ కాబట్టి తిరుగు బండి వేళ ముందే రాసి పెట్టుకోవాలి. సూళ్ళూరుపేటలో దిగి ఒక వ్యాను మాట్లాడుకుంటే పొద్దున పులికాట్, మధ్యాహ్నం నేలపట్టు.

రెండో దారి, ఒక్క రోజు: రైల్లో తిరుపతి. శేషాచలం కింద శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 1987లో మొదలైంది, 5,000 ఎకరాలకు పైనే. సింహాల సఫారీ అక్కడే ఉంది. పిల్లలకు సింహమే కావాలంటే ఇది. స్వామి దర్శనం కూడా అనుకుంటే అది వేరే రోజు పెట్టుకోండి, రెండూ ఒక్క రోజులో పెడితే రెండూ సరిగ్గా కావు. కొండ నడిచి ఎక్కేవాళ్ళు పిల్లల చెయ్యి వదలొద్దు. 2023లో అలిపిరి దారిలో ఒక పసిబిడ్డను చిరుత తీసుకుపోయింది. అడవి అంటే బొమ్మ కాదు.

మూడో దారి వండలూరు. మంగళవారం సెలవు అని గుర్తుపెట్టుకోండి. కాణుం పొంగల్ రోజున మాత్రం వద్దు. ఆరోజు జంతువులకన్నా జనం ఎక్కువ.

డబ్బు సంగతి. ఖర్చులు రెండు రకాలు. టిక్కెట్టు, తిండి తలకింత అని పోతాయి. వ్యాను అట్ల కాదు. వ్యానుకు 6,000 అనుకుందాం, లెక్క కోసమే. ఆరుగురు ఎక్కితే తలకు 1,000, పన్నెండుమంది ఎక్కితే 500. అందుకే కలిసి పోతేనే చౌక. డబ్బున్నవాళ్ళు విడిగా పోతే మిగిలినవాళ్ళకు ఖర్చు పెరుగుతుంది, ఇది చాలామంది గమనించరు. పులిహోర, పెరుగన్నం ఇంటినుంచి తెస్తాం. బైనాక్యులర్ ఒక్కటి చాలు, చేతులు మార్చుకుంటాం. ఆగస్టు నుంచి నెలకు 100 సంఘం పెట్టెలో వేస్తే జనవరికి 600 అవుతుంది. కట్టలేనివాళ్ళ వాటా సంఘం నిధినుంచి, పేరు బయటికి రాకుండా కోశాధికారి చూసుకోవాలి.

నా ఓటు మొదటి దారికి. ఖర్చు తక్కువ అని మాత్రమే కాదు. మనవళ్ళకు గూడబాతు అంటే తెలియదు, కూళైక్కడా అన్నా తెలియదు, ఇంగ్లీషు పేరు ఒక్కటే తెలుసు. మూడు పేర్లూ ఒకేసారి నేర్పాలంటే పక్షి ఎదురుగా ఉండాలి, పక్కన తాతో అవ్వో ఉండాలి. రిసార్టుకు పోతే తాతలూ అవ్వలూ ఇంట్లోనే ఉండిపోతారు.

జనవరి రెండో శనివారం అని నా సూచన. అప్పటికి పక్షులు నిండుగా ఉంటాయి, ఎండ ఉండదు. వేరే ఆలోచన ఉన్నవాళ్ళు కింద రాయండి. వచ్చేవాళ్ళు ఇంట్లో ఎంతమంది, అందులో మెట్లెక్కలేని పెద్దవాళ్ళు ఎంతమంది అన్నది కూడా రాయండి. వాళ్ళకు ఏ పెట్టె సులువో, ఏ ప్లాట్‌ఫారం మీద ఎక్కించాలో నేను చూసుకుంటాను.