పేర్లు మాత్రం స్త్రీలవి

అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్ (ఏడీహెచ్‌డీ) అనగానే చాలామందికి ఒకచోట కుదురుగా కూర్చోని మగపిల్లాడే గుర్తొస్తాడు. వైద్యశాస్త్రం కూడా చాలాకాలం ఆ పిల్లాడినే చూసింది. ఈ సమస్యకీ మెదడులోని రసాయనాలకీ ఉన్న సంబంధం ఎలా బయటపడిందో చదువుతూ పోతే నాకొక విచిత్రం కనిపించింది. ఆ చరిత్రలో మలుపు మలుపుకీ ఓ స్త్రీ పేరుంది. స్త్రీల అనుభవానికి మాత్రం చోటు లేదు.

1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు, తెలివితేటలుండీ తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. దానికి శారీరక కారణం ఉండొచ్చని ఊహిస్తూనే ‘నైతిక నియంత్రణ లోపం’ అని పేరు పెట్టాడు. ఆయన వివరించిన 20 మందిలో ఆడపిల్లలు ఐదుగురే.

అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఎమ్మా పెండిల్టన్ బ్రాడ్లీ అనే అమ్మాయికి ఏడేళ్ల వయసులో మెదడువాపు వచ్చింది. ఆమె మళ్లీ కోలుకోలేదు. అలాంటి పిల్లల కోసం తల్లిదండ్రులు రాసిచ్చిన ఆస్తితో 1931లో ఆమె పేరున ఆస్పత్రి వెలిసింది. అక్కడి వైద్యుడు ఛార్లెస్ బ్రాడ్లీ 30 మంది పిల్లలకి బెంజెడ్రిన్ ఇచ్చి చూసి, 1937లో ఆ ఫలితాలు ప్రకటించాడు. దాదాపు సగం మంది చదువులో ఆశ్చర్యకరమైన మార్పు కనిపించింది. పెద్దల్లో హుషారు పెంచే మందు ఈ పిల్లల్ని ఎలా కుదుటపరిచిందో అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు. ఆ 30 మందిలో 21 మంది మగపిల్లలే.

1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ మిథైల్‌ఫెనిడేట్‌ను తయారుచేశాడు. ఆయన భార్య మార్గరీట్ దాన్ని వేసుకుని చూసింది, టెన్నిస్ బాగా ఆడగలుగుతున్నానంది. ఆమె ముద్దుపేరు రీటా. మందు పేరు రిటాలిన్ అయింది.

మెదడులో డోపమైన్ ఉందని 1957లో లండన్ దగ్గరి రన్వెల్ ఆస్పత్రి పరిశోధకురాలు కాథ్లీన్ మోంటాగు చూపించింది. డోపమైన్ చేసే పనేమిటో తేల్చే దిశగా స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ ప్రయోగాలు సాగాయి. 2000లో ఆయన నోబెల్ పంచుకున్నాడు. ఆయన కృషి చిన్నది కాదు. కానీ మోంటాగు పేరు మనలో ఎందరు విన్నాం?

ఒక నాడీకణం విడుదల చేసిన డోపమైన్‌ని ఆ కణమే మళ్లీ లోపలికి లాక్కుంటుంది. మిథైల్‌ఫెనిడేట్ ఆ దారిని అడ్డుకుంటుంది. దాంతో డోపమైన్, నోరడ్రినలిన్ కణాల మధ్య మరికాసేపు నిలుస్తాయి. 2009లో నోరా వోల్కోవ్ బృందం, మందులు వాడని 53 మంది పెద్దల మెదళ్లను స్కాన్ చేసి, ఆసక్తినీ ప్రేరణనీ నడిపే మార్గంలో డోపమైన్ సూచికలు తక్కువగా ఉన్నాయని చెప్పింది. అలాగని డోపమైన్ తగ్గడమే ఈ సమస్య అనేస్తే సరిపోదు. ఎన్నో జన్యువుల ప్రభావం ఇందులో ఉంది. దీన్ని నిర్ధారించే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ ఇప్పటికీ లేదు. మనిషి చెప్పుకున్న కథ వినే తేల్చాలి. అసలు చిక్కు ఇక్కడే. ఎవరి కథ విన్నారు?

అసలు సమస్య అల్లరి కాదు, నిలకడలేని ధ్యాస అని 1972లో వాదించింది కెనడా మనస్తత్వవేత్త వర్జీనియా డగ్లస్. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ గ్రంథంలో జబ్బు పేరు అందుకు తగ్గట్టే మారింది. కిటికీలోంచి చూస్తూ కూర్చునే నెమ్మదైన ఆడపిల్లకి తలుపు కాస్త తెరుచుకుంది. 1987లో ‘హైపరాక్టివిటీ’ మళ్లీ పేరులోకి వచ్చింది. అల్లరి లేకుండా ధ్యాస మాత్రమే నిలవని రకాన్ని 1994లో తిరిగి వేరుగా గుర్తించారు.

ఆ ఆడపిల్లల్లో నేనూ ఒకదాన్ని. నాకు నిర్ధారణ జరిగింది ముప్పై నాలుగో ఏట, డాక్టరేట్ చేతికొచ్చాక. అప్పటిదాకా నాకున్న పేర్లు మతిమరుపు మనిషి, ఇల్లు పట్టనిది. పరధ్యానం ప్రొఫెసరుగారికి మేధావి లక్షణం. ఆయన భార్య పాలు పొంగిస్తే అది ఒళ్లు తెలియనితనం. గ్యాస్ బుక్ చేయడం, పిల్లల ఫీజు గడువు, అత్తగారి మాత్రలు – ఇంటిల్లిపాదీ జ్ఞాపకశక్తిగా ఒక్క మనిషినే నియమించి, ఆ మనిషికి ధ్యాస నిలవకపోతే తప్పు ఆమె స్వభావానిదే అంటాం. స్టిల్ వాడిన ‘నైతిక’ అన్న మాట మన వంటిళ్లలో ఇంకా చెల్లుతోంది.

అందుకే రసాయనాల భాష నాకు ఊరటనిచ్చింది. కానీ ఆ భాషా అసంపూర్ణమే. ఈస్ట్రోజెన్ డోపమైన్ మీద ప్రభావం చూపుతుంది. నెలసరి ముందూ, ముట్లుడిగే వయసులోనూ ధ్యాస ఎలా మారుతుందన్నది పరిశోధకులు గట్టిగా పట్టించుకోవడం ఈమధ్యే మొదలైంది. పైగా ఏ మాత్రా ఇంటిపనిని పంచిపెట్టదు.

వైద్యచరిత్ర వదిలేసిన ఆడపిల్లలు ఎక్కడైనా దొరికితే స్త్రీల ఆత్మకథల్లో, ఉత్తరాల్లో, డైరీల్లోనే దొరకాలి. పోయినవాళ్లకి జబ్బు పేరు తగిలించడం సాహిత్య విద్యార్థుల పని కాదు. ‘మొద్దు’, ‘సోమరి’, ‘గాలి మనిషి’ అన్న మాటలు ఏ అమ్మాయి మీద, ఏ పని చేయనందుకు పడ్డాయో చదవడం మాత్రం మన పనే.