మత్స్యగెడ్డ నుంచి సీలేరు దాకా: పొగలేని కరెంటులో మన వాటా

హుకుంపేట దగ్గర మత్స్యగుండంలో చేపల్ని మనం పట్టం. దేవుడి చేపలని మొక్కుతాం. ఆ గెడ్డే కిందికి పోయేకొద్దీ మాచ్‌ఖండ్ అవుతుంది, ఇంకా కిందికి పోతే సీలేరు అవుతుంది. చివరికి శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిని చేరుతుంది. పేర్లు మారినా నీళ్లు ఒకటే. ఈ నీళ్ల మీద డెబ్బై ఏళ్లుగా కరెంటు తీస్తున్నారు.

ఈ రోజు ప్రపంచమంతా కర్బన ఉద్గారాలు తగ్గించాలంటోంది. బొగ్గు మండించి ఒక యూనిట్ కరెంటు తీస్తే దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అది భూమిని వేడెక్కిస్తోంది. వానలు అదను తప్పితే మొదట దెబ్బతినేది కొండ మీద చోడి, సామ వేసుకునే మనమే. కాబట్టి బొగ్గు తగ్గాలన్న మాట మనదీ. అయితే బొగ్గు లేని కరెంటు మన కొండలకు కొత్తగా వస్తున్నది కాదు. ఆ చరిత్ర మన యువతకు తెలియాలి.

డుడుమ జలపాతం దగ్గర నీళ్లు 150 మీటర్లకు పైగా ఎత్తు నుంచి దూకుతాయి. ఆ దూకుడుతో కరెంటు తీయాలని 1940లలోనే మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. పైన జోలాపుట్ దగ్గర డ్యామ్ కట్టారు. 1955లో మాచ్‌ఖండ్ మొదటి యూనిట్ తిరిగింది. మొత్తం ఆరు యూనిట్లు, 114.75 మెగావాట్లు. అది పూర్తి సామర్థ్యంతో ఒక గంట నడిస్తే 1,14,750 యూనిట్లు వస్తాయి. అదే కరెంటు బొగ్గుతో తీస్తే ఆ ఒక్క గంటలోనే వంద టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోయేది.

ఆ రోజుల్లో ఈ లెక్క ఎవరూ వేయలేదు. హవాయి దీవుల్లో మౌనా లోవా కొండ మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను క్రమం తప్పకుండా కొలవడం మొదలైందే 1958లో. మాచ్‌ఖండ్ కట్టింది విశాఖపట్నానికి, మైదానంలోని ఊళ్లకూ పరిశ్రమలకూ కరెంటు ఇవ్వడానికి. తీగలు మన కొండల మీదుగానే పోయాయి. వాటి కింద ఉన్న ఎన్నో గూడేలలో మాత్రం ఏళ్ల తరబడి కిరసనాయిలు బుడ్లే వెలిగాయి. దీపం కింద చీకటి అంటే ఇదే.

మరి జోలాపుట్ నీళ్ల కింద ఏముంది? గదబ, పోర్జ వంటి మన జాతుల ఊళ్లున్నాయి, గెడ్డ ఒడ్డు పల్లపు భూములున్నాయి. దాదాపు మూడు వేల కుటుంబాలు లేచిపోయాయి. అందులో సగం గిరిజన కుటుంబాలే. అప్పుడు నడిచింది 1894 నాటి భూసేకరణ చట్టం. ఊరిని అడగాలన్న నియమం అందులో లేదు. కాగితం లేని పోడు భూమికి లెక్కే లేదు.

ఆ తర్వాత ఇదే నది మీద మెట్లు మెట్లుగా కేంద్రాలు వచ్చాయి. 1960లలో ఎగువ సీలేరు, 1970లలో బలిమెల, దిగువ సీలేరు, 1983లో డొంకరాయి. ఆంధ్ర వైపు సీలేరు కేంద్రాలన్నీ కలిపి 725 మెగావాట్లు. ఒడిశా వైపు బలిమెల జలాశయం 151 ఊళ్లను బయటి ప్రపంచం నుంచి తెంచేసింది. ఆసుపత్రికైనా సంతకైనా పడవే దిక్కు. 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా వాళ్లు నాలుగు దశాబ్దాలకు పైగా అలాగే బతికారు. రాష్ట్రాల సరిహద్దు నది మీద గీసినా చుట్టరికాలు రెండు ఒడ్డులా ఉన్నాయి. అది మన కథ కూడా.

ఇప్పుడు అదే నీటి మీద కొత్త పని మొదలవుతోంది. ఎండ ఉన్నప్పుడు సోలార్ కరెంటు మిగులుతుంది, చీకటి పడితే ఉండదు. అందుకని పగలు మిగిలిన కరెంటుతో కింది జలాశయంలోని నీటిని పైకి తోడి, రాత్రి మళ్లీ కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. పెట్టిన కరెంటులో సుమారు మూడు వంతులు తిరిగి వస్తుంది. దీన్ని పంప్డ్ స్టోరేజీ అంటారు. 2030 నాటికి బొగ్గు, చమురు, గ్యాస్ కాని వనరుల సామర్థ్యం 500 గిగావాట్లకు చేర్చాలన్నది దేశం పెట్టుకున్న లక్ష్యం. ఎత్తూ పల్లమూ దగ్గర దగ్గరగా ఉన్న మన కొండల మీద అందుకే అందరి కళ్లూ పడ్డాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఎగువ సీలేరులో తలపెట్టిన 1,350 మెగావాట్ల పథకం ఇప్పటికే ఉన్న గుంటవాడ, డొంకరాయి జలాశయాల మధ్య నీటిని తిప్పేది. ఎర్రవరం, పెదకోట వంటి చోట్ల ప్రతిపాదించినవి అలా కాదు. వాటికి కొత్త జలాశయాలు కావాలి. రెండింటినీ ఒకే గాటన కట్టి ఔననడమూ తప్పే, కాదనడమూ తప్పే. పైగా కొత్త జలాశయంలో మునిగిన చెట్టూ ఆకూ అడుగున కుళ్లి మీథేన్ వదులుతాయి. పొగ కనబడనంత మాత్రాన లెక్క సున్నా కాదు.

1955లో మన తాతల చేతిలో ఇన్ని చట్టాలు లేవు. ఈ రోజు మన చేతిలో ఉన్నాయి. ఐదో షెడ్యూలు ఉంది, 1/70 చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. ప్రైవేటు కంపెనీలు కూడా గిరిజనేతరుల కిందికే వస్తాయని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమికి పట్టా ఇచ్చింది. 2013 భూసేకరణ చట్టం గ్రామసభ సమ్మతి కావాలంది.

చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రేపు మీ ఊళ్లో గ్రామసభ పెడితే వెనక కూర్చోకండి. తీర్మానం కాగితం చదివి పెద్దలకు మన మాటలో చెప్పండి. ఎన్ని ఎకరాలు, ఏ గెడ్డ, ఎవరి కాఫీ తోట, ఎవరి పట్టా? కరెంటులో మన ఊరి వాటా ఎంత? వేలిముద్ర వేసే ముందు ఈ ప్రశ్నలకు జవాబు రాతలో తీసుకోండి. భూమి చల్లబడాలని మనమూ కోరుకుంటున్నాం. దాని ఖర్చు రెండోసారి కూడా మన గూడేలే కట్టాలంటే మాత్రం ఒప్పుకోం.