వదినా, మరదలా: తోబుట్టువుల ప్రేమపోరుపై సింహావలోకనం

తోబుట్టువుల మధ్య ప్రేమపోరు తెలుగు కావ్యంతోనే మనకు వచ్చింది. పదకొండో శతాబ్దిలో నన్నయ తెనిగించిన ఆదిపర్వంలోనే సుందోపసుందులున్నారు. ఒకే కంచం, ఒకే మంచంగా పెరిగిన అన్నదమ్ములు. ఒకరి చేతిలో మరొకరికి తప్ప చావు లేదని వరం పొందినవాళ్లు. తిలోత్తమ ఎదురుపడగానే ఒకడు కుడిచెయ్యి పట్టుకున్నాడు, ఒకడు ఎడమచెయ్యి. నా భార్య, నీకు వదిన అన్నాడు అన్న. కాదు, నా భార్య, నీకు మరదలు అన్నాడు తమ్ముడు. చావు ముంగిట కూడా వరసల వాదనే! గదలెత్తి ఇద్దరూ నేలకొరిగారు. నారదుడు చెప్పిన ఈ కథ విన్నాకే పాండవులు ద్రౌపది విషయంలో కట్టుబాటు పెట్టుకున్నారు. అది తప్పినందుకు అర్జునుడు చేసిన తీర్థయాత్రే పదిహేడో శతాబ్దిలో, తంజావూరు రఘునాథనాయకుడి కొలువులో, చేమకూర వేంకటకవి చేతిలో విజయవిలాసమైంది.

కొలువు అలా ఉంటే ఊరు ఈ ప్రేమపోరును సవతుల కథగా చూసింది. దేవరాపల్లి, చోడవరం ఉన్న ఈ ఉత్తరాంధ్ర నేల మీద మద్దెల మోతతో సాగే తూర్పు భాగవతానికి సత్యభామే నాయిక. ఆమె సవతి రుక్మిణి ఆమెకు తోబుట్టువు కాదు, నిజమే. కానీ అక్కకు పిల్లలు లేరనో, అక్క పోయిందనో చెల్లెలినీ ఆ బావకే ఇచ్చిన ఇళ్లు మన పల్లెల్లో కోకొల్లలు. మేనబావ మీద అక్కకెంత వరసో చెల్లెలికీ అంతే. పోటీకి చోటిచ్చేదీ, పెద్దపిల్ల ఉండగా చిన్నదానికెలా అని అణిచేదీ ఆ వరసే. స్వీడన్ జానపద గాథలో వరుడి కోసం అక్క చెల్లెలిని నీళ్లలోకి తోసేస్తుంది. మన కథల్లో తోసేయడం అరుదు, తప్పుకోవడమే ఎక్కువ.

సినిమా వచ్చాక 1948లో మద్రాసు జెమినీ వారి చంద్రలేఖ అన్నదమ్ములిద్దరి చేతా ఒక నాట్యకత్తె కోసం కత్తులు దూయించింది. ఏడేళ్లకు, 1955లో, విజయా వారి మిస్సమ్మ ఆ కత్తుల్ని పక్కనపెట్టింది. అందులో నాయకుడు రావు సీత అనే అమ్మాయికి సంగీతం నేర్పుతుంటే నాయిక మేరీకి ఒళ్లు మండుతుంది. ఆ సీత తన సొంత చెల్లెలని ఆమెకు తెలియదు. ఆ అసూయలో మేరీగా నటించిన సావిత్రి కళ్లు చూడాలి! చిన్నప్పుడు తప్పిపోయిన అక్క మహాలక్ష్మికనుకున్న మేనబావ చివరికి సీతకు దక్కుతాడు. మేరీగా పెరిగిన మహాలక్ష్మికి రావు దక్కుతాడు. ఆ తర్వాత వారపత్రికల సీరియళ్లు, టీవీ సీరియళ్లు త్యాగమూర్తులైన చెల్లెళ్లనే మళ్లీ మళ్లీ తెచ్చాయి. చావూ త్యాగమూ లేకుండా ఈ చిక్కుముడి విప్పింది కాబట్టి ఈ వరుసలో మిస్సమ్మకే నేను పెద్దపీట వేస్తాను.